అబ్బాయి చేతికి తాళాలిచ్చే ముందు పాలసీ చదవండి

సంపాదకులకు,

ఇంటర్ పూర్తయి హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ సీటు రాగానే కోనసీమలోను, భీమవరం, తణుకు వైపు ఇళ్లలోను ఒక మాట వినిపిస్తుంది: "వాడికి పద్దెనిమిది నిండాయి కదా, మన పాత కారు ఇచ్చేద్దాం. ఇన్సూరెన్సు ఎంత పెరుగుతుందో ఏజెంటుని అడగండి." అడగాల్సింది అది కాదు. అమెరికాలో టీనేజి కుర్రాడి పేరు పాలసీలో చేర్చగానే ప్రీమియం బాగా పెరిగిపోతుంది. అక్కడున్న బంధువుల నోట విని ఇక్కడా అంతే అనుకుంటున్నారు. మన దగ్గర ప్రీమియం లెక్క కట్టేది ప్రధానంగా బండిని చూసి. ఇంజన్ ఎన్ని సీసీ, బండి వయసెంత, ఐడీవీ (పాలసీలో బండికి కట్టే ప్రస్తుత విలువ) ఎంత, ఏ ఊళ్లో రిజిస్టరైంది అన్నవే లెక్క. కుర్రాడి వల్ల పడే భారం రెన్యువల్ కాగితంలో కనబడదు, క్లెయిము పెట్టిన రోజున బయటపడుతుంది.

థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి) ప్రీమియంలో బేరం లేదు. కేంద్రం 2022 జూన్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన రేట్ల ప్రకారం కారు 1000 సీసీ దాటకపోతే ఏడాదికి 2,094 రూపాయలు, 1500 వరకు 3,416, ఆ పైన 7,897. దీని మీద జీఎస్టీ 18 శాతం. తగ్గించుకునే వీలున్నది ఓన్ డ్యామేజ్ (మన బండికే జరిగే నష్టానికి) భాగంలోనే.

అక్కడ చాలామంది చేసే మొదటి పొరపాటు అడ్రసు దాచడం. బీమా రేట్లలో హైదరాబాద్ ఎ జోన్, మన జిల్లాలు బి జోన్ అని తెలిసి, బండి అక్కడ తిరుగుతున్నా ఇక్కడే ఉందని చూపిస్తారు. పాత టారిఫ్ లెక్కలో 1000–1500 సీసీ మధ్య, అయిదేళ్లు దాటని కారుకి ఎ జోన్ రేటు 3.283 శాతం, బి జోన్ రేటు 3.191 శాతం. ఆరు లక్షల ఐడీవీ మీద తేడా 552 రూపాయలు. ఇప్పుడు కంపెనీకో రేటు ఉన్నా, ఇంత చిన్న తేడా కోసం అబద్ధం చెప్పి లక్షల క్లెయిముకి ముప్పు తెచ్చుకోవడం ఏ లెక్కనా నిలవదు. పైగా ఏపీ నంబరు బండి తెలంగాణలో 12 నెలలకు మించి ఉంటే అక్కడ మళ్లీ రిజిస్ట్రేషను చేయించాలి. లోన్ ఉంటే ఫైనాన్సు వాళ్ల ఎన్‌ఓసీ, ఇక్కడి ఆర్టీఏ ఎన్‌ఓసీ రెండూ తీసుకుని వెళ్లాలి. అయ్యాక పాలసీలో అడ్రసు, నంబరు మార్పించాలి.

రెండోది, కారు అబ్బాయి పేరుకు మార్చేయడం. నో క్లెయిమ్ బోనస్ యజమానిది, బండిది కాదు. ఒక ఏడాది క్లెయిము లేకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం తగ్గుతుంది, తర్వాత వరుసగా 25, 35, 45, అయిదేళ్లకు 50. తండ్రి పేరున 50 శాతం ఉన్నా, బండి కొడుకు పేరుకు మారితే సున్నా నుంచి మొదలు. తండ్రి తన బోనస్‌కి సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్లలోపు కొనే కొత్త కారుకు వాడుకోవచ్చు. పేరు మార్చినా 14 రోజుల్లో బీమా కంపెనీకి చెప్పాలి. థర్డ్ పార్టీ దానంతటదే కొత్త యజమానికి సాగుతుంది గాని ఓన్ డ్యామేజ్ సాగదు.

ఇక చిన్న సొట్టలు. కొత్తగా నడిపేవాడు నగరంలో మొదటి ఆరు నెలల్లో బంపరు గీసుకోకుండా ఉండడు. ఓన్ డ్యామేజ్ ప్రీమియం 10,000 అనుకుందాం, 50 శాతం బోనస్ పోను కట్టేది 5,000. నాలుగు వేల పెయింటింగ్‌కి క్లెయిము పెడితే మరుసటి ఏడాది బోనస్ సున్నా, అంటే అదనంగా 5,000. ఆ తర్వాత మెట్టు మెట్టుగా ఎక్కేలోపు 3,000, 2,500, 1,500, 500. మొత్తం 12,500, జీఎస్టీతో 14,750. (ఐడీవీ ఏటా తగ్గుతుంది కాబట్టి నిజంలో కొంచెం తక్కువే ఉంటుంది.) పైగా ఆ క్లెయిములోనే కంపల్సరీ ఎక్సెస్ (మన జేబులోంచి పెట్టుకోవాల్సిన వాటా) కింద 1500 సీసీ లోపు కారుకి 1,000 పోతుంది, జీరో డెప్ (భాగాల తరుగు కోయని అదనపు కవర్) లేకపోతే ప్లాస్టిక్ భాగాలకు సగమే ఇస్తారు. బోనస్ బాగా కూడిన బండికి పదివేల లోపు పని షెడ్డులో చేయించుకోవడమే లాభం. గడువు దాటి 90 రోజుల్లో రెన్యువల్ చేయకపోతే మాత్రం ఆ బోనస్ మొత్తం పోతుంది.

అందరూ వదిలేసేదీ, అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇంకొకటి. పాలసీలో ఓనర్ డ్రైవర్ ప్రమాద బీమా 15 లక్షలు ఉంటుంది. అది ఆర్‌సీలో పేరున్న తండ్రికే. కొడుకు ఆ కారు నడుపుతూ, వేరే బండి తగలకుండా, తన పొరపాటుతో కాలవలోకి పల్టీ కొట్టిస్తే ఆ 15 లక్షలు రావు. థర్డ్ పార్టీ కింద కూడా రావు. యజమాని బండి అడిగి తీసుకున్నవాడు యజమాని స్థానంలోనే ఉంటాడని సుప్రీంకోర్టు 2009లోను, 2020లోను చెప్పింది. గట్టు రోడ్ల మీద రెయిలింగ్ లేని మలుపులున్న డెల్టాలో ఇది ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. రెన్యువల్‌లో అబ్బాయి పేరు రాయించి పీఏ (ప్రమాద బీమా) కవర్ జోడించమనండి. దాని పరిమితి చిన్నది కాబట్టి వాడి పేరున విడిగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ కూడా తీసుకోండి. మిగతా చోట్ల ఎంత తగ్గించుకున్నా ఇక్కడ తగ్గించొద్దు.

ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) మీద నడిపినా పాలసీ చెల్లుతుంది, షరతులతో. పక్క సీట్లో పక్కా లైసెన్సున్న మనిషి, బండిని ఆపగలిగేలా కూర్చుని ఉండాలి. ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్ర ఎల్ అక్షరం, పలక 18 సెంటీమీటర్ల చదరం, అక్షరం ఎత్తు 10 సెంటీమీటర్లకు తగ్గకూడదు. పద్దెనిమిది నిండనివాడికి మాత్రం కారు తాళం ఇవ్వనే వద్దు. సెక్షన్ 199ఎ ప్రకారం తండ్రికి మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దు, పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఉండదు. గాయపడ్డవారికి కంపెనీ కట్టాల్సి వచ్చినా, ఆ మొత్తాన్ని తిరిగి యజమాని దగ్గరే వసూలు చేసుకోవచ్చు. కొబ్బరి తోట జప్తుకొచ్చేది అక్కడే.

అలాంటి ప్రమాదం జరిగితే తండ్రే నడిపాడని క్లెయిములో రాయిస్తారు. నష్టం అంచనా వేసే మాలాంటి సర్వేయర్లు వెళ్లగానే డ్రైవరు సీటు ఎంత ముందుకు జరిపి ఉందో, వెనక అద్దం ఎవరి ఎత్తుకు తిప్పి ఉందో కనిపిస్తుంది. ఆస్పత్రి చిట్టాలో సీటు బెల్టు కమిలిన గుర్తు కుర్రాడి భుజానికి ఉంటుంది. ఒక్క అబద్ధంతో మొత్తం క్లెయిము పోతుంది.

వానాకాలంలో అండర్‌పాస్‌లో నీళ్లలో కారు ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి. ఎయిర్ ఫిల్టర్ గుండా నీళ్లు సిలిండర్లోకి చేరితే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజన్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ లేకపోతే ఆ డబ్బు మామూలు పాలసీలో రాదు. నీళ్లలోంచి బయటకు తోయించి, టోయింగ్ బండి పిలవడమే పని.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వస్తూ తలకింత అని డబ్బులు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకోవడం ఈ మధ్య పెరిగింది. ప్రైవేటు కారు పాలసీలో కిరాయికి తిప్పకూడదని స్పష్టంగా రాసి ఉంటుంది. స్నేహితులతో డీజిల్ ఖర్చు పంచుకోవడం ఒక రకం, తెలియనివాళ్ల దగ్గర సీటుకింత తీసుకోవడం ఇంకో రకం. దారిలో ప్రమాదం జరిగితే రెండోదాన్ని కంపెనీ వదలదు.

కారు నెలలో ఎక్కువ రోజులు హాస్టల్ బయట నిలిచే ఉంటుందంటే, తిరిగిన కిలోమీటర్లను బట్టి ప్రీమియం తీసుకునే పాలసీ అడగండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2022 జూలైలో వీటికి అనుమతిచ్చింది.

ఆర్టీఏ ఆఫీసుల వారికి, ఏజెంట్లకు ఒక విన్నపం. ఎల్‌ఎల్‌ఆర్ ఇచ్చేటప్పుడూ, రెన్యువల్ చేసేటప్పుడూ "ఈ బండి ఎవరు నడుపుతారు?" అని తెలుగులో అడిగి, కవర్ ఎవరికి ఉందో ఎవరికి లేదో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.

— మోటారు బీమా సర్వేయరు, అమలాపురం