కెమెరాల ఫుటేజీ, గేటు రిజిస్టరు గురించి

అందరికీ నమస్కారం. సెల్లార్‌లో బండ్లలో పెట్రోలు పోయిన దగ్గర్నుంచి కెమెరాలు పెంచుదామని చాలామంది అంటున్నారు. పెంచుదాం. గేటు, సెల్లార్, లిఫ్టు దగ్గర ఉండాల్సిందే. కానీ మూడో అంతస్తు కారిడార్‌లోది తిన్నగా ఒకరి గుమ్మంలోకి చూస్తోంది. తలుపు తీస్తే హాల్లో సోఫా దాకా కనిపిస్తోంది. దాన్ని మెట్లవైపు తిప్పిస్తున్నాం.

ఫుటేజీ మాత్రం దయచేసి గ్రూపుల్లో పెట్టకండి. మొన్నటి క్లిప్పులో కుర్రాడు దొంగ కాదు, పార్సిల్ ఇవ్వడానికి వచ్చినవాడు. ఈపాటికి అది ఎక్కడెక్కడికి పాకిందో! పోలీసులు అడిగితే ఇద్దాం, కాగితం మీద రాసుకుని.

జనం ఎక్కువగా వచ్చిపోయే చోట్ల కెమెరాలు పెట్టి, ఫుటేజీ 30 రోజులు ఉంచాలని 2013 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రతా చట్టం అంటోంది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టూ చెప్పింది. మనమూ 30 రోజులు ఉంచి, తర్వాత చెరిపేద్దాం.

అసలు భయం నాకు కెమెరాల కన్నా వాచ్‌మన్ గదిలోని కాగితాల కట్ట మీద. అద్దెకు వచ్చినవాళ్ల ఆధార్ జిరాక్సులన్నీ టీవీ వెనక పడి ఉన్నాయి. ఇకపై చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైట్‌లో డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. పాతవి ఎవరివి వాళ్లు తీసుకెళ్లండి.

రిజిస్టరులో ఫోన్ నంబరు గడి తీసేస్తున్నాం. వెనక వచ్చినవాడు ముందువాళ్ల నంబర్లన్నీ చదువుకుంటున్నాడు మరి.

ఫుటేజీ రికార్డయ్యే పెట్టె (డీవీఆర్) పాస్‌వర్డ్ ఇప్పటికీ బిగించినవాడు పెట్టిందే. కొత్తది ఏ ఇద్దరి దగ్గర ఉండాలో ఆదివారం ఉదయం 10 గంటలకు టెర్రస్ మీద తేల్చుకుందాం.