బామ్ జీసస్ ఎరుపు కొత్తదే

సంపాదకులకు నమస్కారం.

పాత గోవాలోని బామ్ జీసస్ బసిలికా నాలుగు శతాబ్దాలుగా ఎర్రరాతి అందంతోనే నిలిచి ఉందని మీ ఆదివారం అనుబంధంలో రాశారు. ఆ వ్యాసం వచ్చి కొన్ని వారాలైనా ఆ మాట మింగుడుపడక ఈ లేఖ రాస్తున్నాను. ఆ ఎరుపుకు ఇంకా ఎనభై ఏళ్లు కూడా నిండలేదు. 1594లో పని మొదలై 1605లో ప్రతిష్ఠ జరిగిన ఈ చర్చి లాటరైట్ (ఎర్రరాయి) గోడలకు, దాన్ని కట్టించిన జెస్యూట్లు అనే క్రైస్తవ సన్యాసుల కాలం నుంచీ సున్నపు గచ్చు పూత ఉండేది. 1950వ దశకంలో, గోవా ఇంకా పోర్చుగీసు పాలనలో ఉండగా, బాల్తజార్ కాస్త్రో అనే వాస్తుశిల్పి ఆధ్వర్యంలో ఆ గచ్చును గీకించేశారు. మూడున్నర శతాబ్దాల కట్టడం ఇంకా పాతగా కనిపించాలని కాబోలు!

లాటరైట్ సన్నని రంధ్రాలున్న రాయి, నీటిని పీల్చుకుంటుంది. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే చోట దానికి గచ్చు గొడుగు వంటిది. ముఖభాగంలోని శిల్పాలకు ముంబై దగ్గరి వసయి నుంచి తెప్పించిన గట్టి నల్లరాయి వాడి, మెత్తని గోడలకు సున్నం పట్టించిన ఆనాటి మేస్త్రీలకు ఏ రాయి ఏపాటిదో తెలుసు. బసిలికాకు ఎదురుగా ఉన్న సే కెథెడ్రల్ అనే చర్చి ఇప్పటికీ తెల్లగా సున్నంతో మెరుస్తుంటే, ఎక్కువ మంది యాత్రికులు వచ్చే బామ్ జీసస్ మాత్రం ఏటా వర్షాకాలంలో తడిసి, రాయి పొడిపొడిగా రాలుతోంది. సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయం ఉన్నదీ, టస్కనీ పాలకుడు మూడో కోసిమో మెడిచి పంపగా 1698లో నెలకొల్పిన, ఫొజ్జిని అనే శిల్పి చేసిన చలువరాతి సమాధి కట్టడం ఉన్నదీ ఈ గోడల మధ్యనే.

1986లో యునెస్కో జాబితాలో చేరినందుకు సంబరపడే అధికారులకు, గచ్చు తిరిగి వేయించాలని చర్చి పెద్దలే మొరపెట్టుకున్నా ఈ సంగతి తొందరపడవలసినదిగా తోచలేదు. ఎర్ర బసిలికా ఫొటోకు బాగుంటుంది, పర్యాటక ప్రచారానికి అంతకన్నా ఏం కావాలి? మన పరిరక్షణ తీరే ఇంత. ఉండవలసిన చోట సున్నం గీకేస్తారు, చెక్కడపు రాతి స్తంభాలకు మాత్రం రంగులు కొడతారు, పాత కోటగోడ పగిలితే దానికి సరిపడని సిమెంటు మెత్తి, పక్కన ఇదంతా చేయించిన వారి పేర్లతో శిలాఫలకం నిలబెడతారు.

గచ్చు ఉన్ననాటి బసిలికా ఛాయాచిత్రాలు దొరుకుతాయి. వాటిలో ఒకదాన్ని, వ్యాసానికి సవరణతో పాటు, అదే అనుబంధంలో అదే పరిమాణంలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు