పాటలు లేని ఆల్బమ్ గురించి నీకో ఉత్తరం

నల్లగొండ,
ఆదివారం రాత్రి

మిత్రమా,

"పాడేవాడే లేకపోతే అదేం ఆల్బమ్‌రా?" అని నవ్వి ఫోను పెట్టేశావు. నవ్వితే నవ్వావు గానీ, నా మాట పూర్తిగా వినకపోవడం అన్యాయం. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్నైతే మధ్యలో పెట్టేయలేవు కదా!

నేను చెప్పబోయింది బ్రిటిష్ రాక్ బ్యాండు పింక్ ఫ్లాయిడ్ వాళ్ల 'ది ఎండ్‌లెస్ రివర్' ఆల్బమ్ గురించి. 2014 నవంబర్‌లో వచ్చింది. 18 ముక్కలు, మొత్తం 53 నిమిషాలు. చివరి పాట తప్ప మిగతాదంతా దాదాపు వాద్యాలే. అందరూ డేవిడ్ గిల్మోర్ గిటారు గురించే మాట్లాడతారు. నన్నడిగితే ఇది కీబోర్డు వాయించిన రిచర్డ్ రైట్ ఆల్బమ్. తమాషా ఏమిటంటే, అది వచ్చేసరికి ఆయన పోయి ఆరేళ్లు దాటింది. 2008 సెప్టెంబర్‌లో క్యాన్సర్‌తో చనిపోయారు.

మరి వాయించిందెవరు అంటావా? ఆయనే. 1993లో 'ది డివిజన్ బెల్' అనే ఆల్బమ్ పని మొదలుపెట్టినప్పుడు రైట్, గిల్మోర్, డ్రమ్ములు వాయించే నిక్ మేసన్ కూర్చుని గంటల తరబడి తోచింది వాయించుకుంటూ పోయారు. పాటలుగా కుదిరినవి మరుసటి ఏడు ఆ ఆల్బమ్‌లోకి వెళ్లాయి, మిగతా టేపులు అటకెక్కాయి. ఇంజినీరు ఆండీ జాక్సన్ వాటిలోంచి గంటసేపు సాగే కూర్పు ఒకటి చేసి పెట్టుకున్నా అదీ బయటికి రాలేదు. ఇరవై ఏళ్ల తర్వాత ఫిల్ మాంజనేరా అనే గిటారు వాద్యకారుడు ఇరవై గంటల పైచిలుకు టేపులు ఓపిగ్గా విని, ఏరి, నాలుగు భాగాలుగా పేర్చాడు. దాని మీద గిల్మోర్, మేసన్ మళ్లీ వాయించారు. మిగిలిపోయిన సరుకు అమ్ముకున్నారని కొందరు ఈసడించారు కూడా.

1979లో ఇదే బ్యాండు రైట్‌ను బయటికి పంపింది, తెలుసా? ఆ తర్వాతి కచేరీల్లో ఆయన తన సొంత బ్యాండులోనే జీతానికి వాయించారు! అలాంటి మనిషి వదిలివెళ్లిన స్వరాలకు చివరికి మిగిలిన ఇద్దరూ పక్కవాద్యం వాయించారు. ఎంతైనా రుణం అలా తీరుతుందా అనకు, నాకు మాత్రం వింటుంటే గొంతు పట్టేస్తుంది.

మన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో పగలంతా కదలకుండా నిలిచే నీడ ఏ స్తంభానిదో తేల్చాలని చేతులు అడ్డుపెట్టి చూసేవాళ్లం, గుర్తుందా? పూజారి కసురుకునేదాకా వదిలేవాళ్లం కాదు. ఈ ఆల్బమ్‌లో రైట్ ఉనికి అలాంటిదే. మొదటి ముక్కలో ముందు ఏవో లోగొంతుక మాటలు, తర్వాత తాళం లేని కీబోర్డు నాదం మెల్లగా పరుచుకుంటుంది. గిటారు వచ్చినా ఆ నాదాన్ని పక్కకు తొయ్యదు.

అన్నిటికంటే 'ఆటమ్ 68' విను. ఒకటిన్నర నిమిషమే. 1969లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లోని పెద్ద పైప్ ఆర్గన్‌ను, అంటే గొట్టాల్లోకి గాలి పంపి మోగించే వాద్యాన్ని, రైట్ వాయించిన టేపు అది. అప్పటికి పాతికేళ్లవాడు. మంద్రస్థాయి స్వరాలు నేలలోంచి లేచినట్టు వస్తాయి. ఆ పాతికేళ్ల కుర్రాడికి తోడుగా అరవై దాటిన గిల్మోర్ గిటారు మోగుతుంది. నేను ఉదయసముద్రం కట్ట మీద నడుస్తూ విన్నాను. ఎదురొచ్చిన మన లెక్కల మాస్టారికి నమస్కారం పెట్టడం కూడా మరిచిపోయాను.

అంతా బంగారమని అనను. మూడో భాగంలో చాలా ముక్కలు రెండు నిమిషాలు నిండకుండానే తెగిపోతాయి, రుచి తెలిసేలోపే విస్తరి ఎత్తేసినట్టు. ఒకటి రెండు చోట్ల వాళ్ల 1975 నాటి బాణీయే మళ్లీ వింటున్నామనిపిస్తుంది. ఇక చివరి పాట గిల్మోర్ భార్య పాలీ శామ్సన్ రాసింది. మాటలు అక్కర్లేదని అంతసేపు నిరూపించి చివర్లో మాటలు పెట్టడమెందుకో! నీకు మాత్రం అదొక్కటే నచ్చుతుందని నాకు తెలుసు.

దసరాకు వచ్చేటప్పుడు కారులో మాత్రం పెట్టకు. ఇంజిను మోతలో ఆ ఆర్గన్ వినపడదు. ఇంట్లో దీపం ఆర్పి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మొదటినుంచి వరసగా విను. అలాగే మా అన్నయ్య అడుగుతున్నాడు, ఆ దేవరకొండ పొలం కాగితాల సంగతి ఏమైందని. అమ్మకు నా నమస్కారాలు. జవాబు ఫోనులో కాదు, కాగితం మీద రాయి.

నీ,
పాత బెంచీ మిత్రుడు