వారం డబ్బాలు నింపే పద్ధతి మారుస్తున్నాం

ఇంట్లో పెద్దవాళ్ల కోసం మా షాపులో నెలనెలా మందులు తీసుకునేవారికి ఈ కబురు. ఇకపై డాక్టరు చీటీ అందగానే వారం డబ్బా, అంటే వారం మాత్రలు రోజుకీ పూటకీ విడిగా గళ్లలో వేసే పెట్టె, నింపి ఇవ్వం. ముందు వాళ్లు వాడుతున్నవన్నీ ఒకచోట పెట్టి చూస్తాం. వేర్వేరు డాక్టర్లు రాసినవే కాదు, చీటీ లేకుండా కొన్న నొప్పి మాత్రలు, మూలికల మందులు, కంటి చుక్కలు కూడా. దీనివల్ల మొదటిసారి రెండు రోజులు ఆలస్యమవుతుంది. మీకు ఇబ్బందేనని తెలిసే ఓపిక పట్టమని అడుగుతున్నాం.

డబ్బా నింపినంత మాత్రాన భారం తగ్గదు. మాత్రలు ఎన్నన్నదాని కన్నా, రోజులో ఎన్నిసార్లు వాటికోసం తిండీ నిద్రా సర్దుకోవాలన్నదే పెద్దవాళ్లను ఎక్కువ విసిగిస్తుంది. థైరాయిడ్ మాత్ర పరగడుపున, టిఫిన్‌కి 30 నుంచి 60 నిమిషాల ముందు వేసుకోవాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకీ దానికీ 4 గంటల ఎడం ఉండాలి. వారానికోసారి వేసే ఎముకల మాత్ర అలెండ్రోనేట్ కూడా పరగడుపునే, గ్లాసు నిండా మంచినీళ్లతో. ఆ తర్వాత అరగంట ఇంకేదీ నోట్లో వేసుకోకూడదు, నడుం వాల్చకూడదు. వాలిస్తే మాత్ర గొంతు దిగువన అంటుకుని పుండు పడే ప్రమాదం ఉంది. అంటే ఆ రోజు ముందు ఎముకల మాత్ర, అరగంటకి థైరాయిడ్, మరో అరగంటకి గానీ టిఫిన్ లేదు. ఈ వరస చాలా చీటీల్లో కనిపించదు. ఆకలికి ఆగలేక ఏదో ఒకటి మానేస్తారు. థైరాయిడ్ మాత్రని రాత్రి పడుకునే ముందుకి, తిన్న 3 గంటల తర్వాతకి మార్చవచ్చేమో డాక్టరుని అడగవచ్చు.

ఒక మందు తెచ్చిన ఇబ్బందికి ఇంకో మందు చేరడం మరీ బాధాకరం. బీపీకి వాడే ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి. వాపుకని నీరు తీసే మాత్ర మొదలవుతుంది. ఈ రకం వాపు దానితో పెద్దగా తగ్గదు. పైగా సాయంత్రం వేసుకుంటే రాత్రి పదేపదే బాత్రూంకి లేవాలి, నిద్ర పాడవుతుంది, చీకట్లో పడితే తుంటి విరగవచ్చు. ఇలాంటివి కనిపిస్తే డాక్టరుకి కాగితం రాసిస్తాం. మాత్ర ఆపడం, డోసు మార్చడం మా పని కాదు. మీరూ సొంతంగా ఆపకండి. గుండెకి, బీపీకి వాడే బీటా బ్లాకర్లు, స్టెరాయిడ్లు ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి రావచ్చు.

కొన్ని మందులు మేం డబ్బాలో వెయ్యం. గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిసరిన్, రక్తం గడ్డకట్టకుండా వాడే డాబిగాట్రాన్ వాటి సొంత ప్యాకింగ్‌లోనే ఉండాలి. కీళ్లవాతానికి వారానికోసారి వేసే మెథోట్రెక్సేట్ విడిగా, వారంలో ఏ రోజు వేసుకోవాలో రాసి ఇస్తాం. పొరపాటున రోజూ వేసుకుంటే చంపేయగలదు. పేరు చివర ఎస్ఆర్, ఈఆర్ అని ఉన్నవి నలగ్గొట్టకండి, నెమ్మదిగా వదలాల్సిన మందంతా ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. మింగలేకపోతున్నారంటే చెప్పండి, చాలావాటికి వేరే రూపం దొరుకుతుంది.

వచ్చేటప్పుడు మాత్రల స్ట్రిప్పులు కత్తిరించకుండా తెండి, ముక్కల మీద పేరూ గడువు తేదీ మిగలవు. పెద్దవాళ్లు ఎన్నింటికి లేస్తారో, ఎప్పుడు తింటారో వాళ్లనే అడిగి రాసుకు రండి. పాత డబ్బాలో మిగిలిన మాత్రలు పారేయకుండా అలాగే తెస్తే, ఏ పూట కుదరడం లేదో మాకు తెలుస్తుంది.