సముద్రానికీ ఖాతా రాయాలి

సంపాదకులకు,

చేపల వేట పెరిగితే జీడీపీ పెరుగుతుంది. నీటిలో మిగిలిన నిల్వ తరిగిన సంగతి అందులో కనిపించదు. సముద్ర వనరులు ఎన్ని ఉన్నాయో, ఎంత మారాయో లెక్క రాసే సముద్ర ఖాతాల అవసరం ఇక్కడే. 2021లో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం ఆమోదించిన పర్యావరణ వ్యవస్థల లెక్కల విధానం ఇందుకు పునాది. ముందు తీరాన్ని సమాన గడులుగా విభజించి మడ అడవులు, పగడపు దిబ్బలు, సముద్రగడ్డి విస్తీర్ణాన్నీ, ఆపై వాటి స్థితినీ నమోదు చేయాలి. చేపలకైతే ప్రారంభ నిల్వ, పెరుగుదల, వేట, సహజ మరణాలు, ముగింపు నిల్వ.

డబ్బు విలువ కట్టడం చివరి పని. తొందర మాత్రం అందరికీ దాని మీదే. ముందు కొలతలే సరిగా ఉండాలి. పోటు వేళ, అంటే నీరు పైకి వచ్చినప్పుడు తీసిన ఉపగ్రహ చిత్రాన్ని, పాటు వేళ, అంటే నీరు వెనక్కి తగ్గినప్పుడు తీసినదానితో పోలిస్తే మడ విస్తీర్ణంలో లేని మార్పు కనిపిస్తుంది. బురద నీటిలో సముద్రగడ్డి ఉపగ్రహానికి అందదు, మునిగి చూడాల్సిందే. మడల్లో పెరిగే చేపపిల్లల విలువను విడిగా కట్టి, వేట ఆదాయంలోనూ ఉంచితే ఒకే సొమ్ము రెండుసార్లు లెక్కకెక్కుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు