తనిఖీకి వచ్చినోళ్లు ఫ్రీజర్‌లో ఐస్ కూడా చూడాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

హోటళ్ల మీద దాడులు, కుళ్లిన చికెన్ పారబోశారు అని పేపర్లో ఫోటోతో సహా వార్త వస్తూ ఉంటాది, చదివినోళ్లందరూ ఓనర్‌ని తిట్టుకుంటారు, తిట్టాల్సిందే కాదనను, కానీ చాలాసార్లు అసలు కారణం ఆ ఫోటోలోనే వెనకాల ఉంటాదండి, అంచుల దాకా ఐస్ పేరుకుపోయిన డీప్ ఫ్రీజర్. నేను వైజాగ్‌లో హోటల్ ఫ్రిజ్‌లు రిపేర్ చేసుకునేవాణ్ణి, నా కన్ను ముందు దాని మీదకే పోతాది.

ఐస్ ఎంత దట్టంగా ఉంటే కూలింగ్ అంత బాగున్నట్టని చాలామంది ఓనర్ల నమ్మకం. ఉల్టా అండి. ఆ ఐస్, చల్లదనమిచ్చే పైపుల చుట్టకి, అదే కాయిల్‌కి, దుప్పటి కప్పేస్తాది, చల్లదనం సరుకు దాకా రాదు, కంప్రెసర్ ఆగకుండా కొట్టుకుంటానే ఉంటాది, బిల్లు పెరుగుతాది, చికెన్ మాత్రం మెత్తగానే ఉంటాది. మనది సముద్రం ఊరు, గాలంతా తేమే, బిర్యానీ రష్‌లో కుర్రాడు మూత తీసి అలాగే వదిలేసి పోతే లోపలికెళ్లిన తడిగాలే ఐస్ అవుతాది. డోర్ రబ్బరు వదులైతే మూత వేసినా అదే గతి. పది రూపాయల నోటు మధ్యలో పెట్టి మూసి లాగండి, సులువుగా వచ్చేస్తే రబ్బరు పోయినట్టే.

ఐస్ మందం పావంగుళం దాటితే డీఫ్రాస్ట్ చేసుకోవాలి, అంటే ఫ్రీజర్ ఆపేసి ఐస్ కరిగించుకోవాలి. మనోళ్లు ఏం చేస్తారంటే అట్లకాడో స్క్రూడ్రైవరో పట్టుకుని పొడుస్తారు. చెస్ట్ ఫ్రీజర్‌లో లోపలి రేకు వెనకాలే కూలింగ్ గ్యాస్ పైపు చుట్టి ఉంటాది, చిన్న చిల్లు పడినా గ్యాసంతా పోతాది, పైపేమో ఫోమ్‌లో కూరుకుపోయి ఉంటాది, అతుకు వేయడం మా తరం కూడా కాదు ఒక్కోసారి. పైగా కొత్త మోడల్స్‌లో వచ్చే ఆర్ 290, ఆర్ 600ఏ అంటుకునే గ్యాసులు, పక్కనే పొయ్యిలు!

సోమవారం నాన్‌వెజ్ గిరాకీ ఎలాగూ తక్కువే కదా, పొద్దున్నే సరుకంతా థర్మాకోల్ బాక్సుల్లో ఐస్ వేసి సర్దేయండి, ఫిషింగ్ హార్బర్ ఉన్న ఊళ్లో ఐస్‌కి కరువా. ప్లగ్ పీకేసి, డ్రెయిన్ బిరడా తీసి, మూత తెరిచి ఎదురుగా ఫ్యాన్ పెడితే దానంతటదే కరుగుతాది. తుడిచి ఆరాక ఖాళీగా ఆన్ చేసి, బాగా చల్లబడ్డాకే సరుకు పెట్టాలి.

బీచ్ రోడ్డు వైపు షాపులకి ఇంకో బాధ, ఉప్పుగాలికి వేడిని బయటికి పంపే కండెన్సర్ రెక్కలు తినేసి ముట్టుకుంటే పొడి రాలతాది, దాని మీద వంటింటి జిడ్డు. నెలకోసారి మెత్తటి బ్రష్‌తో దులిపించినా చాలు.

ఇంకోటి, బిల్లు తగ్గుతాదని రాత్రిళ్లు ఫ్రీజర్ ఆపేసే మహానుభావులున్నారు. మాంసం కరిగి మళ్లీ గడ్డకడతాది, పొద్దున చూస్తే రాయిలాగే ఉంటాది కాబట్టి తనిఖీకి వచ్చినోళ్లకి కూడా తెలీదు.

ఫ్రోజెన్ సరుకు మైనస్ 18 డిగ్రీలు గానీ అంతకంటే చల్లగా గానీ ఉండాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రూల్ ఉంది, కూలింగ్‌లో పెట్టేవాటికి 5 డిగ్రీల లోపు. ఆఫీసర్లు వాసన చూసి ఫైన్ రాసి పోకుండా, థర్మామీటర్ పెట్టి ఎంతుందో ఓనర్ ముందే చూపించాలి, ఐస్ ఎంత మందం ఉందో రాయాలి, డీఫ్రాస్ట్ ఎప్పుడు చేశారో రిజిస్టర్ అడగాలి. మీ రిపోర్టర్లు కూడా ఈసారి ఫోటోతో పాటు ఆ రీడింగ్ వేయండి సార్.

– ఒక ఫ్రిజ్ మెకానిక్, అల్లిపురం, విశాఖపట్నం