పులి ఫొటో బాగుంది, మా ఫ్లాట్‌కి మాత్రం వద్దనుకున్నాం

ఎడిటర్ గారికి నమస్కారం.

నెల రోజుల కిందట ఒక ఆదివారం మీ పత్రికలో అరుదైన జాతి కుక్కల ఫొటోలు వేశారు. అందులో ఒకటి హంగేరీ గొర్రెల కుక్క. ఒంటినిండా నల్లటి జడలు, కళ్లు కూడా కనపడవు, గడ్డిలో గాల్లోకి ఎగురుతూ ఉంది. దాని పేరు పులి, అక్కడివాళ్లు కూడా ఇంచుమించు మనలాగే పలుకుతారట. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి ఆ పేజీ కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించింది. ఆ రోజు నుంచి ఇంట్లో పొద్దునా సాయంత్రం ఒకటే మాట, "అమ్మా, మనం పులిని పెంచుకుందాం". ఫేస్‌బుక్ జుకర్‌బర్గ్ కూడా బీస్ట్ అనే పులిని పెంచాడని అదే చెప్పింది.

నేను వెంటనే వద్దనలేదు. నాకూ కుక్కలంటే ఇష్టమే, చిన్నప్పుడు మా ఊళ్లో ఇంటి ముందు ఎప్పుడూ ఒకటి ఉండేది. అందుకే నెల రోజుల పాటు నేనూ, మా అమ్మాయీ కూర్చుని తెలిసినవాళ్లని అడిగాం, చదివాం, వాదించుకున్నాం, రెండు సార్లు అది ఏడ్చింది కూడా. చివరికి వద్దనుకున్నాం. ఎందుకో రాస్తున్నాను, ఎందుకంటే ఆ పేజీ చూసి విజయవాడలో, గుంటూరులో ఇంకెన్ని ఇళ్లలో ఇదే గొడవ నడుస్తోందో తెలియదు కదా.

హంగేరీ మైదానాల్లో కాపర్లకి రాత్రిపూట మందకి కాపలా ఉండే కుక్క వేరు, అది కొమొండోర్ అనే పెద్ద తెల్ల కుక్క. పగలు మందని తోలేది పులి. మనిషి మోకాలి దగ్గరికి వస్తుందేమో, బరువు కూడా 10 నుంచి 15 కిలోలే, కానీ అవసరమైతే గొర్రెల వీపుల మీదుగా అవతలికి దూకి మందని మళ్లిస్తుందట. కాపరి దూరం నుంచి చెప్పిన మాట విని, ఆ చెప్పినదాన్ని ఎలా చేయాలో తనే ఆలోచించుకునే కుక్క అది. కొత్తవాళ్లని తొందరగా నమ్మదు, ప్రతి చప్పుడికీ మొరుగుతుంది, అదే దాని ఉద్యోగం మరి. ఇంట్లో పెట్టుకున్నంత మాత్రాన ఆ గుణం ఎక్కడికి పోతుంది?

ఇక జడలు. ఎవరో అల్లితే వచ్చేవి కావు అవి. పైన గరుకు బొచ్చు, లోపల మెత్తటి బొచ్చు, కుక్కకి ఎనిమిది తొమ్మిది నెలలు వచ్చేసరికి రెండూ పెనవేసుకుని అట్టలు కట్టడం మొదలవుతుంది. అప్పుడు మనం కూర్చుని చర్మం దాకా వేళ్లు పోనిచ్చి పాయలు పాయలుగా విడదీయాలి, వారం వారం విడదీస్తూనే ఉండాలి, లేకపోతే ఒళ్లంతా ఒకటే దుప్పటిలా అయిపోతుంది. నేలని తాకేంత పొడవు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. స్నానం చేయిస్తే ఫ్యాన్ల ముందు కూర్చోబెట్టి ఆరబెట్టడానికి ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు. మా బాల్కనీలో ఆగస్టు నెలలో జీన్స్ ప్యాంటు ఆరేస్తే మూడో రోజుకి కూడా నడుం దగ్గర చెమ్మగానే ఉంటుంది, ముక్కిపోయిన వాసన వస్తుంది. ఆ జడల లోపల చెమ్మ ఆరకపోతే కుక్క చర్మం ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పైగా మన దగ్గర పిడుదుల బెడద. పిడుదుల జ్వరం వచ్చి చనిపోయిన కుక్కలు మా వీధిలోనే రెండున్నాయి, మామూలు పొట్టి బొచ్చు కుక్కలే అవి. ఆ జడల మధ్య ఒక పిడుదుని వెతికి పట్టుకోవడం ఎవరి తరం?

జడలు కత్తిరించి పొట్టిగా ఉంచొచ్చు కదా అని మా అమ్మాయి అడిగింది. ఉంచొచ్చు, అలా పెంచేవాళ్లు కూడా ఉన్నారు, అది మంచి మాటే. అయినా ఎండ మాత్రం అలాగే ఉంటుంది. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పితేనే ఒంట్లో వేడి దిగుతుంది, గాలిలో తేమ ఎక్కువుంటే ఆ రొప్పు కూడా సరిగా పనిచేయదు. మన ఊరికి బ్లేజ్‌వాడ అని పేరు ఊరికే రాలేదు. మేలో 45 డిగ్రీలు చూసిన ఊరు, దానికి తోడు ఉక్కపోత. కుక్క ఒంటి వేడి మామూలుగా 101, 102 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది, 106 దాటిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. మేలో సాయంత్రం ఐదింటికి కూడా మా ముందు రోడ్డు మీద అరచేయి ఆనించి ఉంచలేం, కావాలంటే ఆనించి చూడండి. మరి నాలుగు పాదాలు ఎలా పెడుతుంది అది?

ఇవన్నీ విని తెలుసుకున్నవి. కళ్లారా చూసింది ఒకటుంది.

మా అక్క వాళ్లు గుంటూరు బ్రాడీపేటలో ఉంటారు. నాలుగేళ్ల కిందట బోర్డర్ కోలీ పిల్లని కొన్నారు. అదీ గొర్రెల కుక్కే, ఇంగ్లాండ్, స్కాట్లాండ్ సరిహద్దులో పుట్టిన జాతి. ఆరు నెలలు ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను. ఆ తర్వాత హాల్లో పిల్లలు పరుగెత్తితే చాలు, చుట్టూ తిరిగి వాళ్లని ఒక మూలకి చేర్చేది, మాట వినని వాడి మడమ నోటితో పట్టుకునేది. కోపంతో కాదు పాపం, గొర్రెని మళ్లించినట్టు. ఫ్యాన్ నీడ గోడ మీద తిరుగుతుంటే గంటలు గంటలు దాన్నే చూస్తూ తోక కూడా ఆడించకుండా కూర్చునేది. కింద బైకు వెళ్తే బాల్కనీ గ్రిల్ మీదికి దూకి మొరిగేది. మా బావగారు పొద్దున గంట, సాయంత్రం గంట తిప్పేవారు, అయినా చాలలేదు. కింద ఫ్లాట్‌లో పదో తరగతి పిల్లాడు చదువుకోలేకపోతున్నాడని వాళ్లమ్మ వచ్చి చేతులు పట్టుకుని అడిగింది. ఆవిడని ఏమంటాం? అక్క వాళ్లకి రోజూ ఇదే టెన్షన్. చివరికి దాన్ని నూజివీడు దగ్గర మా మావయ్యగారి మామిడి తోటకి పంపారు. పంపిన రోజు అక్క అన్నం తినలేదు.

పోయిన ఏడాది మేం తోటకి వెళ్లినప్పుడు ఒక పెద్దాయన నలభై గొర్రెలని మేపుకోవడానికి తోలుకొచ్చాడు. అక్క వాళ్ల కుక్కకి ఎవరూ ఏమీ నేర్పలేదు, అంతకుముందు గొర్రెని చూసింది కూడా లేదు. అవి కనపడగానే పొట్ట నేలకి ఆనేలా వంగి, రెప్ప వేయకుండా చూస్తూ, దూరంగా చుట్టుకుని వెనక్కి వెళ్లి మొత్తాన్ని ఒక్క గుంపు చేసేసింది. నాకు ఒళ్లు జలదరించింది, రెండేళ్లు బ్రాడీపేట హాల్లో మనం దీన్ని ఏం చేశామా అనిపించింది. కానీ ఆ గొర్రెలకి ఇది కొత్త, బెదిరిపోయి కంచె మీద పడ్డాయి, ఒక సూడి గొర్రె కింద పడింది. ఆయన కర్ర ఎత్తి అరిచాడు. గొర్రె లేచింది, ఏమీ కాలేదు. కుక్క మాత్రం ఆగలేదు, మిట్టమధ్యాహ్నం ఎండలో నాలుక వేలాడేసుకుని తిరుగుతూనే ఉంది, మా మావయ్యగారు పట్టుకుని పంపు కింద పెట్టేదాకా. అప్పుడా పెద్దాయన అన్నాడు, "మా కుక్కలు ఎండెక్కితే అవే చెట్టు కిందికి చేరతాయమ్మా. ఇది ఆగదు. ఆపేవాడు ఒకడు ఎప్పుడూ దగ్గరుండాలి."

పులి గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొచ్చింది. మా ఇంట్లో ఎవరు దగ్గరుంటారు? మాది పటమటలో మూడో అంతస్తు, రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్. మా వారికి గుంటూరు మిర్చి యార్డులో పని, సీజన్లో తెల్లవారకముందే బయల్దేరతారు, వచ్చేది ఎప్పుడో తెలియదు. నేను స్కూల్ టీచర్ని, సాయంత్రం ఐదు దాటుతుంది. పగలంతా ఇంట్లో ఉండేది మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్యగారు ఒక్కరే. మా అమ్మాయి ఐదింటికే లేచి తిప్పుతానంది, తిప్పుతుందని నాకు నమ్మకమే. కానీ ఇంకో రెండేళ్లలో అది ఇంటర్‌కి వస్తుంది. మన ఊళ్లో ఇంటర్ అంటే ఏమిటో మీకు చెప్పాలా? హాస్టల్లో ఉన్నా, ఇంటి నుంచి వెళ్లినా పిల్ల మనకి దొరకదు. అప్పటికి కుక్కకి రెండేళ్లు, మహా అయితే మూడేళ్లు ఉంటాయి, దాని ఆయుష్షు పది నుంచి పదిహేనేళ్లు. ఈ లెక్క చెప్పినప్పుడే మా అమ్మాయి మొదటిసారి ఏమీ మాట్లాడకుండా కూర్చుంది.

ఇంకో సంగతి కూడా మా ఇంట్లో మాట్లాడుకున్నాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు మాకు తెలిసిన కుటుంబం కుక్కని చంకన పెట్టుకుని పడవ ఎక్కింది. అది చిన్నది కాబట్టి సరిపోయింది. నీళ్లు పీల్చుకున్న జడలతో ఉన్న కుక్కని మోయడం నా వల్ల అవుతుందా? మా అత్తయ్యగారి వల్ల అవుతుందా?

కొనడం సంగతి కూడా చెప్తాను. ఫోన్లో దొరికిన ఒకాయన పులి పిల్ల ఉంది, ముప్పై ఐదు రోజులది, యాభై వేలు అడ్వాన్సు పంపండి అన్నాడు. తల్లిని వీడియోలో చూపించమంటే కుదరదన్నాడు. 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు, బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ అయి ఉండాలి. ఆ నంబరు అడగగానే ఫోన్ పెట్టేశాడు. వ్యాపారం కోసం విదేశీ కుక్కలని దిగుమతి చేయడం మీద 2016 నుంచే ఆంక్షలు ఉన్నాయి, కాబట్టి ఇంత అరుదైన పిల్ల చేతికి వస్తుందంటే అది నిజంగా పులేనా, ఎక్కడి నుంచి వచ్చింది అని గట్టిగా అడగండి, తల్లిని చూడకుండా రూపాయి కూడా పంపకండి.

పులిని ఎవరూ పెంచకూడదని నేననడం లేదు. పగలంతా ఇంట్లో ఒక మనిషి, నీడ ఉన్న పెరడు, కరెంటు పోయినా చల్లగా ఉండే గది, రోజూ దానికి ఏదో ఒక పని నేర్పే ఓపిక ఉన్నవాళ్లు నిరభ్యంతరంగా ఆలోచించొచ్చు. అలాంటివాళ్లు కూడా ముందు గన్నవరం వెటర్నరీ కాలేజీలాంటి చోటికి వెళ్లి డాక్టర్లతో మాట్లాడితే మంచిది.

మిమ్మల్ని అడిగేది ఒకటే. ఇలాంటి ఫొటో వేసినప్పుడు ఆ కుక్క ఏ చలిలో పుట్టింది, ఏ పని చేసేది, రోజుకి ఎన్ని గంటలు మనిషి కావాలి అని కింద నాలుగు లైన్లు వేయండి. అలాగే విజయవాడలోగానీ గుంటూరులోగానీ పులిని రెండు ఎండాకాలాలు పెంచినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల అనుభవం అడిగి అచ్చు వేయండి. ఫ్రిజ్ మీద ఆ పేజీ ఇంకా అలాగే ఉంది, మా అమ్మాయి తీయనివ్వలేదు, ఆ అనుభవం వస్తే మొదట చదివేది అదే.

ఇట్లు,
మీ పాఠకురాలు,
పటమట, విజయవాడ